కారు కబుర్లు: గీతలు మీ ఇష్టం, బ్యాడ్జి మాత్రం నిజం చెప్పాలి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోల, బ్యాడ్జీలు, స్టిక్కర్లు, గీతలు. ఏది పెట్టాలి, ఏది పీకాలి, పెడితే జనం ఏమనుకుంటారు. నాకు చాలా ఇష్టమైన టాపిక్ కాబట్టి ఈసారి మైలేజీ, సర్వీసింగ్ ప్రశ్నలన్నీ పక్కన పెట్టేసి వీటికే జవాబులు రాస్తున్నా.

ప్రశ్న (విజయవాడ నుంచి): అన్నా, నాది 2017 పోలో జీటీ టీఎస్ఐ. ఆటోనగర్‌లో ఒక షాపులో జీటీఐ బ్యాడ్జి సెట్ దొరికింది, ముందు గ్రిల్‌కీ వెనక డిక్కీకీ కలిపి. గ్రిల్ చుట్టూ ఎర్ర గీత కూడా వేయిద్దామని ఉంది. మా ఫ్రెండ్సు మాత్రం పరువు పోతుందిరా అంటున్నారు. ఏం చెయ్యమంటావు?

జవాబు: తమ్ముడూ, ఎర్ర గీత వేయించు, బ్యాడ్జి మాత్రం షాపులోనే వదిలెయ్. రెండిటికీ తేడా ఏంటో చెప్తా విను. ఆ ఎర్ర గీత 1976లో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ వాళ్ళ మొదటి గోల్ఫ్ జీటీఐ గ్రిల్ చుట్టూ ఉండేది, అప్పట్నుంచి అదొక స్టైల్ అయిపోయింది, ఆ కారంటే ఇష్టం ఉన్నవాడు తన కారుకి పెట్టుకుంటే అది అభిమానం, ఎవడూ తప్పు పట్టడు. జీటీఐ అనే మూడు అక్షరాలు అలా కాదు, బానెట్ కింద ఏముందో చెప్పే మాట అది. మన దేశంలో ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీఐని 2016లో దించింది, 1.8 లీటర్ల టర్బో ఇంజిను, 192 పీఎస్ పవరు. నీది 1.2 లీటర్లు, 105 పీఎస్. పైగా ఇక్కడికి వచ్చిన ఆ జీటీఐకి మూడే డోర్లు, అటూ ఇటూ చెరొకటి, వెనక డిక్కీది ఒకటి. నీ కారుకి అయిదు. పోలోలంటే పడిచచ్చేవాళ్ళు మన దగ్గర ఎంతమంది ఉన్నారో నీకు తెలుసు కదా, వాళ్ళలో ఒక్కడు నీ కారు పక్కన బండి ఆపినా ముందు చూసేది బ్యాడ్జి కాదు, వెనక డోర్ హ్యాండిల్. ఆ హ్యాండిల్ కనపడగానే నువ్వు పెట్టిన అక్షరాలకి విలువ పోతుంది, అక్కడితో ఆగకుండా కారు మీద ఉన్న మిగతా వాటన్నిటి మీదా అనుమానం వస్తుంది.

నాకు నిజంగా బాధ కలిగేది ఇంకో విషయంలో. జీటీ టీఎస్ఐ తక్కువ బండేం కాదు. 2013లో అది వచ్చినప్పుడు ఆ సైజు కారులో టర్బో పెట్రోల్‌తో ఏడు గేర్ల డీఎస్జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఇంకెవరిచ్చారు మనకి? 2020లో ఆ ఇంజినే పోయి 1.0 లీటర్‌ది వచ్చింది, 2022లో పోలోయే ఆగిపోయింది. ఇప్పుడు మంచి కండిషన్‌లో ఉన్న 1.2 కోసం జనం వెతుక్కుంటున్నారు. అలాంటి కారు మీద దాని సొంత బ్యాడ్జి పీకేసి వేరేదాని పేరు అంటించడం ఎందుకు చెప్పు. ఆ జీటీ టీఎస్ఐ అక్షరాలు గీతలు పడి, వెలిసిపోయి ఉంటే అదే కంపెనీది కొత్త సెట్ తెచ్చి శుభ్రంగా పెట్టు. రేపు అమ్మాలన్నా ఒరిజినల్ బ్యాడ్జి ఉన్న కారుకే గౌరవం, జీటీఐ అని అంటించి ఉంటే కొనేవాడు ఇంకేం మార్చాడో అని బానెట్ ఎత్తి వెతుకుతాడు.

ప్రశ్న (కొండాపూర్, హైదరాబాద్ నుంచి): నమస్తే అండీ. మేము ఈ మధ్య సెకండ్ హ్యాండ్‌లో బీఎండబ్ల్యూ 320డి కొన్నాం. పాత ఓనరు వెనకాల ఎం3 బ్యాడ్జి పెట్టించాడు, పక్కన ఫెండర్ల మీద కూడా ఏవో మూడు రంగుల ఎం లోగోలు ఉన్నాయి. ఆఫీసు పార్కింగ్‌లో ఎవరో ఒకరు వచ్చి ఇది ఎం3నా మేడం అని అడుగుతున్నారు, కాదండీ డీజిల్ అని చెప్పుకోవాల్సి వస్తోంది. తీసేస్తే పెయింట్ పాడవుతుందని మా ఆయన భయం. తీయొచ్చా?

జవాబు: తప్పకుండా తీయొచ్చమ్మా, ఇంట్లోనే తీసుకోవచ్చు. కానీ ముందు ఫెండర్ లోగోలు పాత ఓనరు పెట్టించాడా, కంపెనీనే ఇచ్చిందా చూసుకోండి, ఎందుకంటే ఎం స్పోర్ట్ వేరియంట్లకి కంపెనీనే పక్కన ఎం లోగో ఇస్తుంది. మీది ఎం స్పోర్ట్ అయితే అవి మీ కారువే, ఉండనివ్వండి. ఆర్సీలో, పాత బిల్లులో వేరియంట్ పేరు ఉంటుంది. డిక్కీ మీద ఎం3 మాత్రం కచ్చితంగా పోవాల్సిందే, ఎం3 అంటే 1972లో పెట్టిన వాళ్ళ మోటార్‌స్పోర్ట్ విభాగం చేతిలోంచి వచ్చిన కారు, దాని ఇంజిను వేరు, సస్పెన్షన్ వేరు, చక్రాల దగ్గర బాడీ కూడా వెడల్పుగా ఉంటుంది. డీజిల్ కారు మంచి కారే, దానికి ఆ బరువు మోయించక్కర్లేదు.

తీసే పద్ధతి చెప్తాను. ఎండ లేని చోట కారు పెట్టి ఆ భాగం షాంపూతో కడిగి తుడవండి, దుమ్ము ఉంటే అదే గీతలు పెడుతుంది. తర్వాత తల ఆరబెట్టుకునే హెయిర్ డ్రైయర్‌తో బ్యాడ్జిని వేడి చేయండి, ఒకేచోట పెట్టి ఉంచకుండా అటూ ఇటూ తిప్పుతూ, చెయ్యి పెడితే గట్టిగా వెచ్చగా తగిలేదాకా. బ్యాడ్జి వెనకాల డబుల్ సైడ్ టేపు ఉంటుంది, వేడికి అది మెత్తబడుతుంది. అప్పుడు చేపల గాలానికి వాడే నైలాన్ దారమో, పళ్ళ మధ్య తీసుకునే ఫ్లాస్ దారమో తీసుకుని అక్షరం వెనక నుంచి రంపం లాగినట్టు మెల్లగా లాగండి. స్క్రూడ్రైవర్, చాకు, బ్లేడు, వీటిలో ఏదీ దగ్గరికి రానివ్వద్దు. అక్షరాలు ఊడొచ్చాక టేపు జిగురు మిగులుతుంది, దాన్ని బొటనవేలితో ఉండలు ఉండలుగా దొర్లించి తీసేయండి, మిగిలింది జిగురు తీసే లిక్విడ్‌తో మెత్తటి గుడ్డ పెట్టి. చివర్లో కొంచెం పాలిష్. అయితే ఒక మాట, బ్యాడ్జి చాలా ఏళ్ళుగా ఉండి ఉంటే దాని కింద పెయింటుకి ఎండ తగల్లేదు కాబట్టి తీశాక కూడా ఆ అక్షరాల నీడ లాగా కనపడుతుంది, పాలిష్‌తో చాలావరకు కలిసిపోతుంది, ముదురు రంగు కార్లకి మాత్రం కొంత ఓపిక కావాలి. ఇంకో జాగ్రత్త, డిక్కీ ఎప్పుడైనా టింకరింగ్, పెయింటింగ్ అయి ఉంటే ఆ రిపెయింట్ టేపుతో పాటు లేచి వచ్చే ప్రమాదం ఉంది. అలాంటి అనుమానం ఉంటే డీటెయిలింగ్ షాపు వాళ్ళ చేత తీయించండి.

తీసేశాక 320డి అని కొత్తగా పెట్టాలా అని కూడా మీకు సందేహం రావచ్చు. అక్కర్లేదు. జర్మనీలో కొత్త కారు ఆర్డర్ ఇచ్చేటప్పుడే మోడల్ పేరు వద్దు అని టిక్ పెట్టే ఆప్షన్ ఎప్పట్నుంచో ఉంది, పెద్ద ఇంజిను కొనేవాళ్ళు కూడా ఆ పేరు వద్దనుకుంటారు. ఖాళీ డిక్కీ చాలా అందంగా ఉంటుంది, నా ఓటు దానికే.

ప్రశ్న (డల్లాస్ దగ్గర్నుంచి): మస్టాంగ్ ఈకోబూస్ట్ తీసుకున్నాం బాబాయ్, వైట్ కలర్. నడిమధ్యలో రెండు బ్లూ స్ట్రైప్స్ వేయిద్దామని నా కోరిక, పక్కన 5.0 బ్యాడ్జి కూడా. మా ఆవిడ స్ట్రైప్స్ వేస్తే పెళ్ళి కారులా ఉంటుంది అంటోంది. ఫోర్ సిలిండర్‌కి స్ట్రైప్స్ వేసుకునే హక్కు లేదని ఆఫీసులో ఒకతను అన్నాడు.

జవాబు: ఆ ఆఫీసతని మాట పట్టించుకోవద్దు. తెలుపు మీద నీలం గీతలు అంటే అమెరికా రేసింగ్ రంగులు, ఇటలీకి ఎరుపు, ఇంగ్లండుకి ఆకుపచ్చ, ఫ్రాన్సుకి నీలం ఉన్నట్టే. పాత రోజుల్లో అమెరికా కార్లకి తెల్ల బాడీ, కింద ఛాసిస్ ఫ్రేముకి నీలం రంగు వేసేవాళ్ళు, తర్వాత కార్ల బాడీ ఫ్రేముని పూర్తిగా కప్పేయడం మొదలయ్యాక ఆ నీలాన్ని పైకి తెచ్చి గీతల్లాగా వేశారు. 1950ల మొదట్లో బ్రిగ్స్ కనింగ్‌హామ్ అనే ఆయన ఈ రెండు నీలం గీతల తెల్ల కార్లు తీసుకుని లెమాన్ 24 గంటల రేసుకి వెళ్ళాడు, అక్కడ్నుంచే జనం కళ్ళలో పడ్డాయి. అసలు విషయం ఏంటంటే 1965 షెల్బీ జీటీ350, అదే మీ మస్టాంగ్‌ని రేసు కోసం తయారుచేసిన బండి, దానికి కూడా నడినెత్తిన గీతలు స్టాండర్డ్ కాదు, పక్కన కింది గీతలే కంపెనీవి. పైవి కావాలన్నవాళ్ళకి ఆప్షన్, చాలావాటికి డీలరు దగ్గరే వేశారు. అంటే మీరు చెయ్యబోయేది ఆ రోజుల్లో ఓనర్లు చేసిందే. గీత ఎన్ని సిలిండర్లున్నాయో చెప్పదు కాబట్టి మీ 2.3 లీటర్ టర్బోకి అది అబద్ధం కాదు. 5.0 మాత్రం చెప్తుంది, అది వి8 సైజు, దాన్ని వదిలేయండి. వెనక గుర్రం బొమ్మ చాలు, మస్టాంగ్‌కి అంతకన్నా మంచి బొమ్మ ఇంకోటి లేదు.

మీ ఆవిడ మాటలో మాత్రం విషయం ఉంది. గీతలు పెళ్ళి కారులా కనపడేది రెండు కారణాలకి, ఒకటి మరీ మెరిసే నీలం తీసుకోవడం, రెండోది కొలత తప్పడం. ముదురు నీలం తీసుకోండి, మెరుపుగా ఉన్నా పర్లేదు గానీ క్రోమ్ లాంటిది వద్దు. కొలత ఎప్పుడూ కారు మధ్య గీత నుంచి, గ్రిల్ మీది గుర్రాన్ని ఆధారంగా పెట్టుకుని కాదు. ముందు మాస్కింగ్ టేపుతో మొత్తం వేసి ముప్పై అడుగుల దూరం నుంచి ఇద్దరూ నిలబడి చూడండి, ఒక రోజు అలాగే తిరగండి. ఆవిడకి నచ్చాకే వినైల్, అంటే స్టిక్కర్ షీటు, వేయించండి. వినైల్లో కూడా కాస్ట్ రకం అడగండి, చవకది ఒంపుల దగ్గర ముడుచుకుని అంచులు లేస్తుంది. టెక్సాస్ ఎండ మన ఎండకేం తీసిపోదు, బానెట్ మీదా రూఫ్ మీదా ఉన్నదే ముందు పాడవుతుంది, పగుళ్ళు వచ్చేదాకా ఉంచితే తీసేటప్పుడు ముక్కలు ముక్కలుగా వచ్చి ఏడిపిస్తుంది.

ప్రశ్న (వరంగల్ నుంచి): అన్నా నాది ఐ20 ఎన్ లైన్. వెనక అద్దం మీద నూర్‌బుర్గ్‌రింగ్ ట్రాక్ ఆకారం రేడియం స్టిక్కర్ కొట్టిద్దామనుకుంటున్న. ఎన్ లైన్‌ల లైన్ అనే ముక్క తీసేసి ఉత్త ఎన్ ఉంచుదామని కూడా ఉంది. మా దోస్తులేమో నువ్వు జర్మనీకి పోయినవా అని నవ్వుతున్నరు.

జవాబు: లైన్ తీయకు తమ్మీ. ఉత్త ఐ20 ఎన్ అనేది వేరే కారు, 1.6 టర్బో, 204 పీఎస్, మన దేశంలో అమ్మనే లేదు. నీది 1.0 టర్బో, 120 పీఎస్, మొదట్లో ఇచ్చిన పోలో కేసే ఇదీ. ఇక స్టిక్కర్ సంగతి. ఆ 20.8 కిలోమీటర్ల ట్రాక్ బొమ్మ దాని మీద నడిపి వచ్చినవాళ్ళు గుర్తుగా పెట్టుకునేది, ఇప్పుడు లోకమంతా పెట్టేస్తున్నారనుకో, అయినా దాని అర్థం అదే. అసలు నీకది అవసరం లేదు, ఎందుకంటే నీ కారు మీద ఆల్రెడీ ఉంది. హ్యుందాయ్ వాళ్ళ ఎన్ అంటే కొరియాలో వాళ్ళ రీసెర్చ్ సెంటర్ ఉన్న నమ్యాంగ్, ఆ కార్లని పరీక్షించే నూర్‌బుర్గ్‌రింగ్, రెండిటి మొదటి అక్షరం అని కంపెనీనే చెప్తుంది.

ట్రాక్ బొమ్మే కావాలంటే మనది పెట్టుకో. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ అనే ఎలక్ట్రిక్ కార్ల రేసు జరిగింది కదా, జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు, ఆ స్ట్రీట్ సర్క్యూట్ 2.8 కిలోమీటర్లు, 18 మలుపులు. ఆ రోడ్ల మీద నువ్వు ఎన్నిసార్లు తిరిగి ఉంటావో, సిగ్నల్ దగ్గర ఆగి ఉంటావో. 2024లో మళ్ళీ జరగాల్సింది ఆగిపోయింది, అందుకే ఆ ఆకారం ఎక్కడా ఎవరి కారు మీదా కనపడదు, నాకైతే చాలా వెలితిగా ఉంటుంది. రేడియం షాపుకి ఆకారం ఫోన్లో చూపిస్తే కట్ చేసిస్తాడు, వెనక అద్దం కింది మూల అరచేతి సైజులో చాలు, డ్రైవింగ్‌కి అడ్డం రాకుండా. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కి ఎప్పుడైనా ట్రాక్ డేకి వెళ్ళి నడిపొస్తే అప్పుడు దాని బొమ్మ పక్కన పెట్టుకో, 3.7 కిలోమీటర్లు, అది నీ సొంతం.

ప్రశ్న (విశాఖపట్నం నుంచి): సార్, పోర్షా 718 కొన్నాను, ఎన్నో ఏళ్ళ కల. మా నాన్నగారు ముందు గ్రిల్‌కి నిమ్మకాయ మిరపకాయలు కట్టాలంటారు, బానెట్ మీద పసుపుతో స్వస్తిక్ వేశారు. అంత ఖరీదైన కారుకి ఇవేంటని మా తమ్ముడు గొడవ. నాన్నగారి మాట తీసెయ్యలేను, కారు అందం చెడగొట్టుకోనూ లేను.

జవాబు: నాన్నగారి వైపే నేను. స్పోర్ట్స్ కార్ల మీద ఉన్న గొప్ప గుర్తులు చాలావరకు ఇలాంటి నమ్మకం నుంచే పుట్టాయని మీ తమ్ముడికి చెప్పండి. ఆల్ఫా రోమియో కార్ల మీద నాలుగాకుల గుర్తు ఉంటుంది చూడండి, 1923లో ఊగో సివోచ్చి అనే డ్రైవరు, ఎప్పుడూ రెండో స్థానంలోనే మిగిలిపోతున్నానని, అదృష్టం కోసం సిసిలీలో తర్గా ఫ్లోరియో రేసుకి ముందు తన కారు మీద తెల్ల చదరంలో ఆకుపచ్చగా అది వేయించుకున్నాడు. గెలిచాడు. అదే ఏడాది సెప్టెంబర్లో మోంజాలో కొత్త కారు పరీక్షిస్తూ చనిపోయాడు, ఆ కారు మీద ఆ గుర్తు ఇంకా వేయలేదు. ఆయన పోయాక చదరంలో ఒక మూల తీసేసి త్రికోణం చేశారు, లేని మనిషికి గుర్తుగా, నేటికీ అలాగే వేస్తున్నారు. ఫెరారీ గుర్రం కూడా అంతే, మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన పైలట్ ఫ్రాంచెస్కో బరాకా విమానం మీది బొమ్మ అది, కొడుకు గుర్తుని నీ కారు మీద పెట్టుకో బాబూ కలిసొస్తుంది అని ఆయన తల్లి ఎన్జో ఫెరారీకి చెప్పింది. ఆ మాట కూడా 1923దే. వెనక పసుపు ఎన్జో కలిపాడు, తన ఊరు మోడెనా రంగని. ఒక తల్లి దీవెన గుర్రమైనప్పుడు, నాన్నగారి దీవెన నిమ్మకాయ ఎందుకు కాకూడదు?

కొన్ని పనులు మాత్రం పద్ధతిగా చేయండి. నిమ్మకాయ గ్రిల్ మధ్యలో వేలాడితే ఊగి పెయింటుకి కొట్టుకుంటుంది, కుళ్ళాక పులుపు నీళ్ళు కారుతాయి, సెన్సార్లకీ అడ్డం రావచ్చు. నంబర్ ప్లేటు కింద అంచుకి పొట్టి దారంతో కట్టి వారంవారం మార్చండి. పసుపు, కుంకుమ తడిపి వేసినవి ఆ సాయంత్రానికే మెత్తగా కడిగేయండి, ముఖ్యంగా తెల్ల కారైనా, ర్యాప్ (బాడీ మీద అంటించే రంగు ఫిల్ము), పీపీఎఫ్ (పెయింటుని కాపాడే పారదర్శక ఫిల్ము) ఉన్నా మరక పట్టేస్తుంది. బానెట్ మీది పోర్షా ముద్ర మీద మాత్రం ఏదీ రాయొద్దు, సందుల్లో కుంకుమ ఇరుక్కుంటే రాదు. దసరాకి కొబ్బరికాయ చక్రం ముందు నేల మీద కొట్టండి, బంపర్‌కి దూరంగా.

ప్రశ్న (బెంగళూరు నుంచి): నా కారు, నా డబ్బు. లోగో మార్చుకున్నా నా ఇష్టమే కదా, కంపెనీకేంటి సంబంధం?

జవాబు: చాలావరకు మీ ఇష్టమే. కానీ 2014లో కెనడా సంగీతకారుడు డెడ్‌మౌ5 తన ఫెరారీ 458కి ఇంటర్నెట్‌లో ఫేమస్ అయిన పిల్లి బొమ్మతో ర్యాప్ చేయించి, గుర్రం ఉండాల్సిన చోట పిల్లి బ్యాడ్జి, ఫెరారీ అక్షరాల స్టైల్లో పుర్రారీ అని రాయించి అమ్మకానికి పెడితే కంపెనీ నుంచి లీగల్ నోటీసు వెళ్ళింది, ర్యాప్ పీకేశాడు. ర్యాప్ రంగులు నాకు నచ్చాయి, ఆ బ్యాడ్జీ మాత్రం కాదు, వందేళ్ళ కిందటి ఆ పైలట్ కథ తెలిశాక ఆ గుర్రాన్ని మార్చాలనిపించదు.

ప్రశ్న (కర్నూలు నుంచి): స్ట్రైప్స్‌కి, ర్యాప్‌కి చలాన్ రాస్తారా?

జవాబు: రెండు గీతలకి ఇబ్బంది ఉండదు. కారు రంగే మారిపోయేలా మొత్తం ర్యాప్ చేస్తే మాత్రం ఆర్సీలో ఉన్న రంగుకీ బండికీ పొంతన ఉండదు కాబట్టి ఆర్టీవో ఆఫీసులో రంగు మార్పు రాయించుకోవాలి, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను. అద్దాలకి నల్ల ఫిల్ము 2012లోనే సుప్రీంకోర్టు ఆపేసింది. నంబర్ ప్లేటు మీద బొమ్మలు, స్టైల్ అక్షరాలు అస్సలు వద్దు.

ప్రశ్న (రాజమండ్రి నుంచి): ఇన్ని చెప్తారు కదా, మీకు అన్నిట్లోకీ బాగా నచ్చిన డెకరేషన్ ఏది?

జవాబు: ఆలోచించక్కర్లేదండీ, 1973 పోర్షా 911 కరేరా ఆర్ఎస్ 2.7. తెల్ల కారు, డోర్ల కింది భాగంలో పొడుగ్గా కరేరా అని అక్షరాలు, చక్రాలకి కూడా అదే రంగు, ఎరుపైతే ఎరుపు, నీలమైతే నీలం. వెనక బాతు తోకలా లేచిన చిన్న స్పాయిలరు, అది అందానికి పెట్టింది కాదు, స్పీడులో వెనక భాగం నేల వదిలి లేవకుండా పట్టి ఉంచడానికి. కరేరా అన్న పేరు కూడా ఊరికే రాలేదు, మెక్సికోలో జరిగిన కరేరా పానమెరికానా రేసులో వాళ్ళ కార్లు పరిగెత్తాయి కాబట్టి వచ్చింది. రేసుకి అర్హత కోసం 500 చేస్తే చాలనుకున్నారు, జనం ఎగబడి కొనేసరికి 1,580 దాకా చేశారు. అంత పెద్ద అక్షరాలు పక్కంతా రాసి ఉన్నా ఎక్కడా ఎక్కువ అనిపించదు, కింది అంచు గీతతో పాటు సాగుతూ ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా కంటిని తీసుకెళ్తాయి. మీ రాజమండ్రిలో ఎవరైనా తెల్ల కారుకి చక్రాలూ పక్క అక్షరాలూ ఒకే రంగులో చేయించాలనుకుంటే, తన కారు సొంత పేరే రాయించుకుని, నాకు ఫోటో పంపండి, వచ్చే నెల ఇక్కడే వేస్తా.